టీబీ కాదని తేలిన రోజే ఫంగస్ కోసం వెతకాలి: వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు, ఆ శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, వైద్య విద్యా సంచాలకుల వారికి నమస్కారాలు.

నేను వరంగల్‌లో వైద్య విద్యార్థులకు మైక్రోబయాలజీ బోధిస్తూ, రోగుల నమూనాలను పరీక్షించే పనిలో ఉన్నవాడిని. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, రక్త కేన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కీళ్లవాతానికో లూపస్‌కో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవారు, షుగర్ అదుపు తప్పినవారు, రక్తంలోని సీడీ4 రక్షణ కణాలు బాగా పడిపోయిన హెచ్‌ఐవీ బాధితులు, ఇలా రోగ నిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తులకు సోకే అరుదైన ఫంగల్ ఇన్‌ఫెక్షన్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఈ ప్రాంతంలో నేను చూసినంతలో, ఇటువంటి రోగులు చాలామంది తమ జబ్బు పేరు తెలియకముందే వారాల తరబడి టీబీ మందులో, ఒకదాని వెంట ఒకటిగా యాంటీబయాటిక్సో వాడి వస్తున్నారు. ఆ వారాలను మిగల్చగలిగితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. అందుకు కావలసిన వ్యవస్థలో ఎక్కువ భాగం ఇప్పటికే మీ శాఖ చేతిలో ఉన్నది. ఏ ఆస్పత్రినీ, ఏ డాక్టరునూ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

అరుదైన జబ్బు అనగానే అది తరువాత చూసుకోవలసిన విషయమన్న భావన కలుగుతుంది. కానీ 2021 మే నెల మనకెవరికీ మరపు రాదు. ఆ నెల 20న మన ప్రభుత్వమే బ్లాక్ ఫంగస్‌ను, అంటే మ్యూకర్‌మైకోసిస్‌ను, ప్రతి ఆస్పత్రీ తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి రాష్ట్రమంతటి రోగులకు నోడల్ కేంద్రమైంది. అదే ఏడాది జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఆ రోజుల్లో అందరి దృష్టీ ముక్కు మీద, కంటి మీద నిలిచింది. అదే ఫంగస్ ఊపిరితిత్తిలోకి దిగితే పైకి కనిపించేది దగ్గు, జ్వరం, ఛాతీలో పోటు మాత్రమే కనుక ఎవరికీ అనుమానం రాదు. సంపన్న దేశాలతో పోలిస్తే మన దేశంలో మ్యూకర్‌మైకోసిస్ సుమారు 70 నుంచి 80 రెట్లు ఎక్కువని నిపుణుల అంచనా. కోవిడ్ తగ్గింది గాని, ఆ ఫంగస్‌కు దారి తీసే షుగర్, స్టెరాయిడ్లు మన ఊళ్లను విడిచి పోలేదు. ఒళ్లు నొప్పులకు, దమ్ముకు స్టెరాయిడ్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతున్నాయన్న సంగతి మీకు తెలియనిది కాదు.

ఈ ఫంగస్‌లు ఎక్కడి నుంచో ఊడిపడేవి కావు. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ బీజాలు రెండు, మూడు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పరిమాణంలో ఉండి, మనం రోజూ పీల్చే గాలిలోనే వందల సంఖ్యలో లోపలికి పోతుంటాయి. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ కణాలు ఆ బీజాలను మింగేస్తాయి. వాటిని తప్పించుకొని మొలకెత్తినవాటిని న్యూట్రోఫిల్ కణాలు మట్టుబెడతాయి. స్టెరాయిడ్లు మొదటి కాపలాను మందగింపజేస్తాయి, కీమోథెరపీ రెండో కాపలాను ఖాళీ చేస్తుంది. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తక్కువకు పడిపోయి పది రోజులు దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. అప్పుడు మొలకెత్తిన ఫంగస్ దారాలు రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోయి రక్తప్రసరణను ఆపేస్తాయి, ఆ మేరకు ఊపిరితిత్తి భాగం చచ్చిపోతుంది. రోగి దగ్గితే రక్తం పడేది ఈ దశలోనే.

ఉత్తర తెలంగాణలో ఈ బీజాలకు కరువు లేదు. వరి కోతల తరువాత ధాన్యం కుప్పల దగ్గర లేచే దుమ్ము, ఎండాకాలంలో పెంటకుప్పలు తవ్వి పొలాలకు తోలడం, జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు, ఏడాది పాటు మూసి ఉంచిన గుమ్మిని దులపడం, వీటన్నిటిలో బూజు ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో తాలు కాయ ఏరే చోట కాసేపు నిలబడండి. తెల్లబారిన కాయను చిదిపితే లోపల గింజల చుట్టూ బూడిద రంగు పొడి రాలుతుంది. ఏరుతున్నవారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని తుమ్ముతూనే పని చేస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ తుమ్ముతోనే సరిపోతుంది. కిడ్నీ మార్చుకొని ఇంటికి వచ్చిన రైతు ఆ పనికి కూర్చోకూడదు. కానీ డిశ్చార్జి కాగితంలో దుమ్ముకు దూరంగా ఉండాలని ఇంగ్లిషులో ఒక ముక్క రాసి ఉంటే, ఆ దుమ్ము పెంటకుప్పదా, తాలు కాయదా, గుమ్మిదా అన్నది ఆయనకు ఎవరు చెప్పాలి? జీవన్‌దాన్ ద్వారా అవయవం పొందినవారికి, ఆరోగ్యశ్రీ కింద కీమోథెరపీ చేయించుకున్నవారికి మన పనుల పేర్లతో, మన తెలుగులో, ఒక్క పేజీ సూచనలు అచ్చు వేసి చేతికి ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు.

టీబీ సంగతికి వస్తాను, ఎందుకంటే ఆలస్యానికి అసలు మూలం అక్కడే ఉన్నది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే డాక్టరుకు మొదట టీబీ గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. చిక్కంతా తెమడ పరీక్ష నెగెటివ్, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష కూడా నెగెటివ్ వచ్చాక మొదలవుతుంది. అప్పుడు కూడా లక్షణాలను బట్టి టీబీ మందులు వేసి, రెండు నెలలు చూద్దామనుకోవడం సాధారణ రోగి విషయంలో చెల్లవచ్చు గాని, రోగ నిరోధక శక్తి లేని రోగి దగ్గర ఆ రెండు నెలలు లేవు. రక్త కేన్సర్ రోగుల్లో మ్యూకర్‌మైకోసిస్ మీద 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ మందు ఆరు రోజులు, అంతకు మించి ఆలస్యమైనవారిలో 12 వారాల్లోపు మరణాలు 83 శాతం దాకా ఉంటే, వెంటనే మొదలుపెట్టినవారిలో 49 శాతం దగ్గర ఉన్నాయి. అక్కడ లెక్క రోజుల్లో ఉన్నది, మనం గడుపుతున్నది వారాలు.

పైగా టీబీ మందులు ఈ రోగులకు హాని లేని ప్రయోగం కాదు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి, మార్పిడి చేసిన కిడ్నీని కాపాడే టాక్రోలిమస్ స్థాయిని రక్తంలో పడగొడుతుంది. మోతాదు సరిచేయకపోతే శరీరం ఆ కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉన్నది. తరువాత ఆస్పర్‌జిల్లస్ అని తేలి దాని మందైన వోరికొనజోల్ మొదలుపెట్టాలన్నా, రిఫాంపిసిన్ దాన్ని కూడా పనికిరాకుండా చేస్తుంది కనుక ఆ రెండింటినీ కలిపి వాడరాదు. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా దాని ప్రభావం తగ్గడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వోరికొనజోల్ మొదలుపెట్టాక టాక్రోలిమస్ ఎదురు దిశలో పెరిగిపోతుంది కనుక దాని మోతాదును మూడో వంతుకు తగ్గించాలి. ఇంత లెక్క ఉన్న చోట ఊహ మీద మందు మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక నమూనా గురించి, మనిషి ఎవరన్నది తెలియకుండా, చెబుతాను. కిడ్నీ మార్పిడి జరిగిన నడివయసు రైతు. జ్వరం, దగ్గు. టీబీ పరీక్షలు రెండూ నెగెటివ్, అయినా టీబీ మందులు. రక్తం పడడం మొదలయ్యాక సీటీ తీస్తే ఊపిరితిత్తిలో గుల్లబడిన గడ్డ కనిపించింది. సూదితో తీసిన చిన్న ముక్క ల్యాబ్‌కు వచ్చింది, అదీ ఫార్మలిన్‌లో మునిగి. ఫార్మలిన్ కణజాలాన్ని భద్రపరుస్తుంది, అందులోని ఫంగస్‌ను మాత్రం చంపేస్తుంది. చచ్చిన ఫంగస్ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, పెరగదు. పాథాలజీ వారి స్లైడులో వెడల్పాటి రిబ్బన్ల లాంటి దారాలు, అడ్డుగోడలు దాదాపు లేకుండా, ఇంచుమించు లంబకోణంలో కొమ్మలు వేస్తూ కనిపించాయి. మ్యూకర్ జాతి అని చెప్పగలిగాము గాని, అందులో ఏ రకమో పెంచి చూసి తేల్చే వీలు మాకు లేకపోయింది. సరైన మందు మొదలయ్యే సరికి జబ్బు రెండో ఊపిరితిత్తికి పాకింది, ఆయన దక్కలేదు. అదే ముక్కను రెండుగా చేసి, ఒకటి ఫార్మలిన్‌లో, మరొకటి స్టెరైల్ సెలైన్‌లో వేసి, చాలా ముందుగా పంపి ఉంటే కథ మారేదని ఖాయంగా చెప్పలేను. మారే అవకాశం మాత్రం ఆయనకు దక్కేది.

ఇలాంటి ముక్క సరిగ్గా అందితే చేయవలసిన మొదటి పరీక్షకు ఏ ఖరీదైన యంత్రమూ అక్కర లేదు. గాజు పలక మీద నమూనా పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తే, కాసేపటికి మనిషి కణాలు కరిగిపోతాయి. కైటిన్ అనే గట్టి పదార్థపు గోడ ఉన్న ఫంగస్ దారాలు కరగకుండా నిలుస్తాయి. మైక్రోస్కోపు కింద సన్నగా, క్రమంగా అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో కొమ్మలు వేస్తే ఆస్పర్‌జిల్లస్ వైపు, వెడల్పుగా, ముడతలు పడి ఉంటే మ్యూకర్ వైపు అనుమానం మళ్లుతుంది. ఈ తేడా కేవలం పాఠ్యపుస్తకపు తేడా కాదు. ఆస్పర్‌జిల్లస్‌కు మొదటి మందైన వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు, దానికి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కావాలి, వీలైతే శస్త్రచికిత్స కూడా కావాలి. మరో సంగతి: మ్యూకర్ అనుమానం ఉన్న ముక్కను కల్చర్‌కు ముందు నూరకూడదు, బ్లేడుతో సన్నగా కోయాలి. నూరితే ఆ పెళుసు దారాలు చితికిపోయి, ఫంగస్ ఉండి కూడా కల్చర్ నెగెటివ్ వస్తుంది. ఇటువంటి చిన్న విషయాలు చేతితో చేసి చూపిస్తేనే టెక్నీషియన్లకు పట్టుబడతాయి.

అందువల్ల నా మొదటి అభ్యర్థన, వరంగల్‌లో ఫంగస్ పరీక్షలకు ప్రత్యేక విభాగం ఒకటి, శిక్షణ పొందిన మైక్రోబయాలజిస్టుతో, టెక్నీషియన్లతో, పూర్తి స్థాయిలో నడిచేలా ఏర్పాటు చేయమని. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ రోగులకు వరంగల్ దగ్గర. ఇక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, ఆక్సిజన్ మీద ఉన్న రోగికి అది చిన్న దూరం కాదు. కాకతీయ మెడికల్ కాలేజీ, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని తలపెట్టిన ఊరు కూడా. ఆ స్థాయి ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడులు, కేన్సర్ చికిత్సలు జరగాలని కోరుకున్నప్పుడు, ఆ రోగులకు వచ్చే ఫంగస్‌ను గుర్తించే ల్యాబ్ కూడా దానితోపాటే రావాలి. కష్టమైన నమూనాలను చండీగఢ్ పీజీఐ మైకాలజీ కేంద్రానికి పంపే ఒప్పందం ఒకటి ఉంటే మాకు పెద్ద అండ.

జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లు ఉన్నాయి, పీహెచ్‌సీల నుంచి నమూనాలు మోసే వాహనాలు ఉన్నాయి. ఆ పరీక్షల జాబితాలో మూడింటిని చేర్చమని అడుగుతున్నాను. ఆస్పర్‌జిల్లస్ గోడ నుంచి రక్తంలోకి వచ్చే గాలక్టోమానన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష ఒకటి. బ్రాంకోస్కోపీ గొట్టంతో ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవంలో చేస్తే అది మరింత నమ్మకంగా పనిచేస్తుంది. రెండోది క్రిప్టోకాకస్ యాంటిజెన్ స్ట్రిప్. గర్భ నిర్ధారణ స్ట్రిప్ చూసినంత తేలికగా నిమిషాల్లో ఫలితం చూపే పరీక్ష ఇది. పావురాల రెట్టల్లో పెరిగే ఈ ఫంగస్ మొదట ఊపిరితిత్తిలో దిగి, నిరోధక శక్తి లేనివారిలో మెదడు పొరలకు పాకుతుంది. సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తంలో 100 కంటే తగ్గిన ప్రతి హెచ్‌ఐవీ బాధితుడికీ ఈ పరీక్ష చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మూడోది ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ, అంటే ఆ ఫంగస్ మీద శరీరం తయారు చేసిన ప్రతిరక్షకాలను రక్తంలో కొలిచే పరీక్ష. పాత టీబీ వదిలిన గుల్లల్లో ఆస్పర్‌జిల్లస్ స్థిరపడి ఏళ్ల తరబడి రక్తం కక్కించే జబ్బును పట్టుకోవడానికి ఇది అవసరం. టీబీ కోర్సు పూర్తి చేసి, మళ్లీ దగ్గు, మళ్లీ రక్తం అంటూ వచ్చినవారికి రెండోసారి టీబీ మందులు రాసే ముందు ఈ పరీక్ష జరిగి తీరాలి.

ఇంకో ఫంగస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది రాకుండా ఆపే మందు మన పీహెచ్‌సీల్లోనే ఉంటుంది. న్యుమోసిస్టిస్ జిరోవెసీని చాలాకాలం ప్రోటోజోవా అనే ఏకకణ జీవి అనుకున్నారు. అది ఫంగస్ అని 1988లో జన్యు పరీక్షలతో తేలింది. దాని పొరలో మిగతా ఫంగస్‌లలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం లేనందున ఆంఫోటెరిసిన్, వోరికొనజోల్ వంటి అజోల్ మందులు దాని మీద పనిచేయవు. మనమందరం ఎరిగిన కోట్రిమోక్సజోల్ మాత్రే దానికి చికిత్స, నివారణ కూడా. రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను నాలుగు వారాలు దాటి వాడవలసిన రోగుల్లో, ముఖ్యంగా దానితోపాటు మరో నిరోధక శక్తి తగ్గించే మందు కూడా నడుస్తున్నవారిలో, ఈ మాత్రను నివారణగా ఇవ్వడం గురించి ఆలోచించాలి. సల్ఫా మందులు పడనివారిని, పొటాషియం పెరిగేవారిని చూసుకోవాలి, అంతే. స్టెరాయిడ్ రాసే చీటీలోనే ఈ ప్రశ్న ఒక గడిగా ఉంటే ఎంతమంది వెంటిలేటర్ దాకా పోకుండా ఆగుతారో!

మందుల విషయం. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మ్యూకర్‌కు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు, అదీ వారాల పాటు. ఇది పొలం అమ్ముకొని కొనే మందు. పాత రకం ఆంఫోటెరిసిన్ చవక గాని, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మార్పిడి చేసిన కిడ్నీ ఉన్నవాడికి అది ఎలా ఇవ్వగలం? 2021లో లాగా జబ్బు ముంచుకొచ్చాక మందు కోసం పరుగులు పెట్టకుండా, వరంగల్‌లో కొంత నిల్వ ఎప్పుడూ ఉండేలా కొనుగోలు ప్రణాళిక వేయండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు, అది మంచి పని. దానితోపాటు అనుమతి నిబంధనలను కూడా చూడమని కోరుతున్నాను. ఫంగల్ ఇన్‌ఫెక్షన్లను ప్రపంచమంతటా నిర్ధారితం, సంభావ్యం, అనుమానితం అని మూడు స్థాయిలుగా చూస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోయిన కేన్సర్ రోగి ఊపిరితిత్తిలో సూది గుచ్చితే రక్తస్రావంతో పోయే ప్రమాదం ఉన్నది, అతనికి బయాప్సీ (ముక్క తీసి చూసే) రుజువు దొరకడం కష్టం. సీటీలో మచ్చ చుట్టూ పొగమంచు వలయం, గాలక్టోమానన్ పాజిటివ్, తగిన రోగి నేపథ్యం ఉంటే అది సంభావ్య స్థాయి. ఆ స్థాయిలోనే మందుకు అనుమతి రావాలి.

వ్యవసాయ శాఖతో కలిసి ఆలోచించవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది. వరిలో పాముపొడ తెగులుకు మన రైతులు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, మనిషికి ఇచ్చే వోరికొనజోల్ ఒకే కుటుంబానికి చెందినవి, ఫంగస్‌ను ఒకే చోట దెబ్బకొడతాయి. పొలంలో ఆ మందుకు అలవాటుపడిన ఆస్పర్‌జిల్లస్ గాలిలో కలిసి వచ్చి రోగి ఊపిరితిత్తిలో మొలిస్తే వోరికొనజోల్‌కు లొంగదు. ఇటువంటి నిరోధకత ఉన్న ఆస్పర్‌జిల్లస్‌ను మన దేశపు మట్టి నమూనాల్లో కనుగొన్నట్టు 2012లోనే పరిశోధకులు ప్రచురించారు. రైతును తెగులు మందు కొట్టవద్దనడం నా అభిప్రాయం కాదు, పంట పోతే ఆయన బతుకే పోతుంది. వరంగల్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం, ఇక్కడి వైద్య కళాశాల కలిసి పొలం మట్టిలోనూ, రోగుల నమూనాల్లోనూ ఈ నిరోధకతను వెతికే పని మొదలుపెట్టాలని మాత్రమే అడుగుతున్నాను. ఏదైనా ఆస్పత్రిలో కూల్చివేతలు, మరమ్మతులు జరిగేటప్పుడు ఆస్పర్‌జిల్లస్ బీజాలు గుంపులుగా లేస్తాయన్నది కూడా స్థిరపడిన విషయమే కనుక, కీమోథెరపీ, డయాలిసిస్ వార్డుల పక్కన పని చేసే కాంట్రాక్టరు నీళ్లు చల్లి, పరదాలు బిగించి, కిటికీలు మూయించాలన్న షరతును టెండరులోనే రాయించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబర్‌లో తొలిసారిగా ముఖ్యమైన ఫంగస్‌ల జాబితా ప్రకటించినప్పుడు అందులోని 19 ఫంగస్‌లలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అత్యంత తీవ్రమైన వర్గంలో ఉన్నాయి, మ్యూకర్ జాతి దాని తరువాతి వర్గంలో ఉన్నది. మన రాష్ట్రంలో వీటిలో ఏది ఎంతమందికి వస్తున్నదో లెక్క ఉంటేనే ఎంత మందు కొనాలో, ఎక్కడ ల్యాబ్ పెట్టాలో నిర్ణయించగలం. 2021లో మ్యూకర్‌కు చేసిన నమోదును ఊపిరితిత్తుల ఆస్పర్‌జిల్లస్‌కూ, క్రిప్టోకాకస్‌కూ విస్తరించమని, వివరాలు నింపే పత్రాన్ని ఒక పేజీకి మించకుండా చూడమని విన్నవించుకుంటున్నాను.

వీటిలో కొన్నింటికి బడ్జెట్టు కావాలి, సమయం కావాలి. ఒకదానికి మాత్రం రెండూ అక్కర లేదు. నిరోధక శక్తి తగ్గిన రోగికి తెమడ పరీక్ష, సీబీనాట్ నెగెటివ్ వచ్చిన రోజే ఫంగస్ పరీక్షలకు నమూనా పంపాలని, ఊపిరితిత్తి నుంచి తీసిన ప్రతి ముక్కలో సగం ఫార్మలిన్‌లో, సగం స్టెరైల్ సెలైన్‌లో వేయాలని జిల్లా ఆస్పత్రులన్నిటికీ ఒక సర్క్యులర్ పంపండి. వానాకాలం వరి కోతలు మొదలయ్యేలోపు అది అందితే, ఈ ఏడాది మా ల్యాబ్‌కు వచ్చే నమూనాల్లో పెంచి చూడగలిగినవి కొన్నైనా ఉంటాయి.

ఇట్లు,
వరంగల్‌కు చెందిన ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు